తీగ దొరికింది, డొంక ఇంకా కదల్లేదు

సంపాదకులకు,

వార్త కుంభకోణం గురించైనా, కల్తీ గురించైనా, నకిలీ సర్టిఫికెట్ల గురించైనా మూడో పేరాలో ఒక మంచుకొండ తేలుతూ కనిపిస్తోంది. ‘ఇది మంచుకొండ కొన మాత్రమే’, ‘మంచు పర్వతం అంచు మాత్రమే బయటపడింది’, ‘ఐస్‌బర్గ్ శిఖరాగ్రమే ఇది’. ఇవన్నీ కనిపించేది కొంతే, దాగింది చాలా ఎక్కువ అని చెప్పే ‘టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్’ అనే ఒకే ఇంగ్లిష్ నుడికారానికి పుట్టిన పిల్లలు. ఒక్కదానికీ తల్లి పోలిక రాలేదు. యంత్రం చేసిన అనువాదాల్లోనైతే ‘మంచుకొండ చిట్కా’ కూడా పుట్టింది. టిప్ అంటే చిట్కా అనే యంత్రానికి తెలుసు, పాపం.

ఆ నుడికారం ఏం చెబుతుందో, ఎక్కడ చెల్లుతుందో, ఎక్కడ చెల్లదో, తెలుగులోకి వచ్చేసరికి దాన్ని ఏం చేయాలో డెస్క్‌లో కాపీ దిద్దేవారికి పనికొస్తుందని ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది. కత్తిరించక తప్పకపోతే టైటానిక్ పేరా తీసేయండి, మిగతాది ఉంచండి.

ముందు వస్తువు సంగతి. ఐస్‌బర్గ్ అంటే కొండ మీద పేరుకున్న మంచు కాదు. హిమానీనదం సముద్రంలోకి జారే చోట విరిగిపడి, ఉప్పునీటిలో తేలుతూ పోయే మంచినీటి గడ్డ. డచ్ భాషలో ‘బెర్గ్’ అంటే కొండ. ఆ కొండను మనం అలాగే మోసుకొచ్చి ‘మంచుకొండ’ అన్నాం. సగం చెడింది అక్కడే. మంచుకొండ అనగానే తెలుగు పాఠకుడికి ఆకాశంలోకి లేచిన తెల్లటి శిఖరం కనిపిస్తుంది. నేల మీది కొండ దేన్నీ దాచుకోదు. దూరం నుంచి శిఖరం, దగ్గరకు పోతే నడుము, ఇంకా దగ్గరకు పోతే పాదం, అంతా కనిపిస్తుంది. నుడికారంలో అసలు కీలకం నీటిమట్టం. ‘మంచుకొండ కొన’ అన్న తెలుగులో ఆ నీరే లేదు. నీరు లేకపోతే దాగినదీ లేదు, పోలికా లేదు.

ఎంత దాగుతుంది? మంచు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 917 కిలోలు, సముద్రపు నీటిది సుమారు 1025 కిలోలు. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.895 వస్తుంది. అంటే గడ్డలో దాదాపు 89.5 శాతం నీటి కింద, పదిన్నర శాతం నీటి పైన. గ్లాసు మంచినీళ్లలో ఐసు ముక్క వేసి పక్క నుంచి చూస్తే పైకి తేలేది ఇంకా తక్కువ, 8 శాతం దాకా. ఉప్పునీరు బరువైనది కాబట్టి సముద్రంలో గడ్డ కాస్త ఎక్కువ పైకి తేలుతుంది. హెమింగ్వే 1932లో రచన గురించి చెబుతూ నీటి పైన ఉండేది ఎనిమిదో వంతన్నాడు. గాలి బుడగలు, గట్టిపడని మంచు పొరలు ఎక్కువున్న గడ్డ తేలిక కాబట్టి అదీ అసాధ్యమేం కాదు.

అయితే ఈ పదో వంతు ఘనపరిమాణంలో లెక్క, ఎత్తులో కాదు. బల్లలా చదునుగా, 300 మీటర్ల మందాన ఉన్న గడ్డ అయితే పైకి 30 మీటర్లు కనిపిస్తుంది, సరే. అదే శంకువులా ఉండి మొన పైకి తేలిందనుకోండి, ఘనపరిమాణంలో పదో వంతే పైన ఉన్నా మొత్తం ఎత్తులో దాదాపు సగం కంటికి కనిపిస్తుంది. ఈ తేడా పట్టించుకోకుండా ‘పైకి పది అడుగులుంటే కింద తొంభై అడుగులుంటుంది’ అని సైన్సు పేజీల్లో రాసేస్తుంటారు.

దాన్ని మించిన తప్పు ఇంకొకటుంది. భౌతికశాస్త్రంలోని ఆ అంకెను తీసుకెళ్లి నేరవార్తలో దించడం. ‘బయటపడింది పది శాతమే, మిగతా తొంభై శాతం దాగి ఉంది’ అని రాస్తారు. మాట్లాడిన అధికారి ఆ అంకె చెప్పలేదు. నుడికారమూ చెప్పలేదు. కనిపించేదానికన్నా కనిపించనిది ‘చాలా ఎక్కువ’ అనే వరకే దాని మాట. తొమ్మిది రెట్లని అది హామీ ఇవ్వదు. మూల వాక్యంలో అంకె లేకపోతే తెలుగులోనూ ఉండకూడదు.

టైటానిక్ 1912 ఏప్రిల్ 14 రాత్రి 11.40కి గడ్డను గుద్దుకుంది, తెల్లవారకముందే మునిగిపోయింది. కావలివాళ్లు చూసింది నీటి పైనున్న భాగాన్ని, ఓడ పక్క దెబ్బతిన్నది నీటి కింద. ఆ తర్వాతే 1914లో ఉత్తర అట్లాంటిక్‌లో గడ్డల జాడ తీసే అంతర్జాతీయ గస్తీ మొదలైంది. ఈ నుడికారానికి చెడు వాసన ఎక్కువగా అంటుకుని ఉండటానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ‘ఆమె ప్రతిభలో ఇది టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్’ అని ఇంగ్లిష్‌లో అనేవాళ్లు లేకపోలేదు, తప్పనీ అనలేం. కానీ వినేవారికి ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంటుంది. మెచ్చుకోలుకు తెలుగులో దీన్ని వాడకపోతేనే మేలు.

ఇక ఇంగ్లిష్‌లో దాని నడక. చాలాసార్లు ముందు ‘జస్ట్’ గానీ ‘ఓన్లీ’ గానీ ఉంటుంది. కర్త స్థానంలో ఉండేది ఇప్పటికే బయటపడిన విషయం: ఈ అరెస్టులు, ఈ ఫిర్యాదులు, ఈ 12 కేసులు. ఆ వాక్యం మూడు సంగతులను ఒకేసారి నొక్కి చెబుతుంది. దాగినది కనిపించేదాని జాతిదే. దాగినది పెద్దది. దాగినది ఇప్పటికే ఉంది. ఈ మూడింటిలో ఒక్కటి తప్పినా నుడికారం చెల్లదు. మన కాపీల్లో ఎక్కువగా తప్పేది మూడోది.

‘ఈ రోజు ప్రారంభించిన పథకం టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్ మాత్రమే, ముందు ముందు ఇంకా ఎన్నో’ అని ఒక నాయకుడు అన్నాడనుకుందాం. రాబోయే పథకాలు ఇంకా పుట్టలేదు కదా, నీటి కింద ఉన్నవెక్కడ? అక్కడ ఆయన చెప్పదలచుకున్నది ‘ఇది ఆరంభం మాత్రమే’ అని. ఇంగ్లిష్‌లో ఆయన తప్పన్నాడని మనమూ తెలుగులో తప్పనక్కర్లేదు. నేరుగా ఉటంకిస్తే తప్ప, భావం రాస్తే చాలు. ఇవాళ చిన్నగా ఒప్పుకున్నది రేపు పెద్దదానికి దారి తీస్తుందన్న భయం కూడా వేరు. దానికి ఇంగ్లిష్‌లో ‘థిన్ ఎండ్ ఆఫ్ ది వెడ్జ్’ అనే మాట వేరే ఉంది, మనకు ‘వేలు పెట్టనిస్తే చెయ్యి పెడతాడు’ అన్న ధోరణి ఉంది.

మొత్తం ఎంతో ముందే తెలిసినచోట కూడా ఇది చెల్లదు. లక్ష మంది బాధితులున్నారని లెక్క తేలింది, వందమందికి పరిహారం అందింది. ఆ వంద ఐస్‌బర్గ్ కొన కాదు. మిగతా 99,900 మంది దాగి లేరు, లైన్లో నిలబడి ఉన్నారు. అది సముద్రంలో నీటిబొట్టు. ఈ రెండు పోలికలకూ సముద్రమే కాబట్టి కాబోలు, ఒకదాని బదులు ఒకటి రాసేస్తుంటారు. నీటిబొట్టు చాలకపోవడం గురించి, కొన తెలియకపోవడం గురించి.

మూల కారణాన్ని చెప్పడానికీ దీన్ని వాడతారు. ‘విద్యార్థులు పరీక్ష తప్పడం మంచుకొండ కొన, అసలు సమస్య ఉపాధ్యాయుల కొరత’ అన్న వాక్యం చూడండి. తప్పిన విద్యార్థులు, లేని ఉపాధ్యాయులు ఒకే గడ్డలో ముక్కలు కారు. ఒకటి ఫలితం, ఇంకొకటి కారణం. ‘విద్యార్థులు తప్పడం పైకి కనిపిస్తున్న లక్షణం, జబ్బు వేరే ఉంది’ అంటే సరిపోయేది. ఇదే దారిలో మరో గందరగోళం: ‘బయటపడింది మంచుకొండ కొనే, దీని వేళ్లు లోతుగా పాతుకుపోయాయి’. తేలే గడ్డకు వేళ్లెక్కడివి? పోలిక ఎత్తుకుంటే చివరిదాకా మోయాలి, మధ్యలో చెట్టెక్కకూడదు.

ఈ నుడికారం అక్షరాలా సరిపోయే చోటు ఒకటి చూపిస్తాను. పోలియో. వైరస్ సోకినవారిలో ఎక్కువమందికి ఏ లక్షణమూ కనిపించదు. కొందరికి జ్వరం, గొంతునొప్పి వచ్చి పోతాయి. శాశ్వతంగా కాళ్లు చచ్చుబడేది దాదాపు 200 మందిలో ఒకరికి. కాబట్టి పక్షవాతంతో ఒక్క రోగి ఆసుపత్రికి వస్తే, సుమారు 200 మందికి వైరస్ సోకి ఉంటుందని ప్రజారోగ్య విభాగం లెక్క వేసుకుంటుంది. దాగినది అదే జాతి, చాలా పెద్దది, ఇప్పటికే ఉంది. మూడూ కుదిరాయి. 2022 జూలైలో అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రం రాక్‌లాండ్ కౌంటీలో టీకా వేసుకోని ఒక వ్యక్తికి పోలియో పక్షవాతం వచ్చినట్టు ప్రకటించాక అక్కడి ఆరోగ్యాధికారుల నోట ఈ నుడికారమే వచ్చింది. రోగి ఒక్కరే. మురుగునీటి నమూనాలు చూస్తే వైరస్ తిరుగుతున్న జాడ దొరికింది. మురుగునీటిని పరీక్షించడమంటే నీటిమట్టం కిందికి తల పెట్టి చూడటమే.

వైద్యవిద్యలో ఇదొక పరిభాష కూడా. రక్తపోటు, మధుమేహం, రక్తహీనత వంటివాటిలో ఆసుపత్రికి వచ్చినవారు గడ్డ పైభాగం, ఉన్నట్టు తమకే తెలియనివారు కిందిభాగం, రెండింటినీ విడదీసే నీటిమట్టం రోగలక్షణాలు బయటపడే గీత. రేబిస్‌కు, ధనుర్వాతానికి ఈ బొమ్మ పనిచేయదు. అవి వస్తే బయటపడకుండా ఉండవు. అందుకే ‘ఏ రోగమైనా మంచుకొండ లాంటిదే’ అని ఆరోగ్యం పేజీలో రాయకండి. పరిభాషగా వచ్చిన చోట మాత్రం ఐస్‌బర్గ్ అన్న మాటను ఉంచేసి, ‘నీటిపై కొద్దిగా తేలి, ఎక్కువ భాగం నీట మునిగి ఉండే మంచుగడ్డ’ అని ఒక్కసారి చెబితే సరి. అక్కడ పోలికే విషయం కాబట్టి దాన్ని తీసేస్తే విషయమే పోతుంది.

మామూలు వార్తలో పోలిక విషయం కాదు, వాహనం మాత్రమే. దిగి నడవొచ్చు.

ఇప్పుడు తెలుగు మాటల బరువు చూద్దాం. ‘అంచు’ అంటే పక్క, ఒడ్డు. చీరకు అంచుంటుంది, బావికి అంచుంటుంది. అది పైభాగం కాదు. ‘శిఖరాగ్రం’ మరీ ప్రమాదం. శిఖరాగ్ర సమావేశం అని ఏళ్లుగా రాసి ఆ మాటకు అత్యున్నతం అన్న అర్థం గట్టిపడిపోయింది. ‘ఈ అవినీతి ఐస్‌బర్గ్ శిఖరాగ్రం’ అని రాస్తే ఇంతకన్నా పెద్ద అవినీతి లేదని చదువుకుంటారు, అంటే మూలానికి నేరుగా ఎదురు. ‘కొన’, ‘కొస’ రెండూ పర్వాలేదు గానీ నీరు లేకుండా వాటికీ బతుకు లేదు.

మన జాతీయాల్లో దీనికి దగ్గరి చుట్టం ‘తీగ లాగితే డొంకంతా కదిలింది’. చిన్న ఆధారం, దానికి అల్లుకున్న పెద్ద పొద. అదే జాతి, ఇప్పటికే ఉన్నది, పెద్దది. మూడు షరతులూ తీరాయి. అయినా ఒక తేడా ఉంది, డెస్క్‌లో జారేది అక్కడే. తీగ-డొంకలో లాగడం అయిపోయింది, డొంక కదిలింది, పాఠకుడు దాన్ని చూశాడు. ఐస్‌బర్గ్‌లో కింద ఏముందో ఇంకా ఎవరూ చూడలేదు, ఉందని అంటున్నారంతే. దర్యాప్తు మొదటి రోజు ‘తీగ లాగితే డొంక కదిలింది’ అని శీర్షిక పెడితే జరగనిది జరిగిందని రాసినట్టే. ఆ రోజుకు ‘తీగ దొరికింది’ వరకే నిజం. మరికొన్ని అరెస్టులయ్యాక, ముఠా మొత్తం బయటపడ్డాక అప్పుడు డొంకను కదిలించండి. క్రియను కాలానికి తగ్గట్టు మార్చుకుంటే మన జాతీయం ఇంగ్లిష్‌దానికన్నా ఎక్కువ పని చేస్తుంది. ‘తీగ దొరికింది’, ‘తీగ లాగుతున్నారు’, ‘డొంక కదులుతోంది’, ‘డొంకంతా కదిలింది’ అని దర్యాప్తు ఏ మెట్టు మీదుందో చెప్పొచ్చు. మంచుగడ్డకు ఈ సౌలభ్యం లేదు. అది ఎప్పుడూ తేలుతూనే ఉంటుంది.

‘గోరంత, కొండంత’ మీద చాలామందికి చెయ్యి పోతుంది. ‘బయటపడింది గోరంత, దాగింది కొండంత’ అని పూర్తి వాక్యంగా రాస్తే బాగానే ఉంటుంది. దాన్ని శీర్షిక కోసం ‘గోరంత... కొండంత!’ అని కుదించారో, గోరంతను కొండంత చేశారన్న పాత అర్థం ముందుకొస్తుంది. అంటే ఆరోపణ అతిశయోక్తి అని. నిందితుడి లాయరు కత్తిరించి దాచుకోవాల్సిన శీర్షిక అది. ‘కొండను తవ్వి ఎలుకను పట్టడం’ పూర్తిగా ఎదురు దిక్కు. ‘నివురుగప్పిన నిప్పు’లో పైకి ఏమీ కనిపించదు, కనిపించే భాగమంటూ లేదు. ఊరంతా ప్రశాంతంగా ఉండి లోలోపల ఉద్రిక్తత రగులుతుంటే అది సరైన మాట, ఒక కేసు బయటపడ్డాక కాదు. ‘మేడిపండు’ పైకీ లోపలికీ గుణంలో తేడా చెబుతుంది, పరిమాణంలో కాదు.

ఒక వాక్యాన్ని తీసుకుని చేసి చూద్దాం. వార్తా ఏజెన్సీ పంపిన కాపీలో ఇలా ఉందనుకుందాం: పట్టుబడిన 12 నకిలీ సర్టిఫికెట్లు జస్ట్ ది టిప్ ఆఫ్ ది ఐస్‌బర్గ్ అని దర్యాప్తు అధికారి ఒకరు అన్నారు. హడావుడిలో వచ్చే తెలుగు: ‘పట్టుబడిన 12 నకిలీ సర్టిఫికెట్లు మంచుకొండ యొక్క కొన మాత్రమే.’ ఇందులో ‘యొక్క’ను పక్కన పెట్టండి, అది వేరే ఉత్తరానికి సరిపడా రోగం. పెద్ద తప్పు అధికారి మాయమవడం. ఆయన అంచనా పత్రిక తీర్పైపోయింది. కనిపించనిది ఉందని చెప్పే మాట ఇది. ఉందని ఎవరంటున్నారో వాక్యంలో లేకపోతే, పత్రికే చూసినట్టు లెక్క. రేపు ఆ 12 తప్ప ఇంకేమీ దొరక్కపోతే సమాధానం చెప్పుకోవాల్సింది పత్రికే.

బాగుచేస్తే: ‘దొరికినవి 12 సర్టిఫికెట్లే అయినా, ఇలాంటివి ఇంకా చాలానే ఉంటాయని దర్యాప్తు అధికారి ఒకరు అనుమానం వ్యక్తం చేశారు.’ ఇందులో మూడు షరతులూ ఉన్నాయి. ‘ఇలాంటివి’ అన్నది ఒకే జాతి అని చెబుతోంది, ‘చాలానే’ పరిమాణం, ‘ఉంటాయని’ ఇప్పటికే ఉన్నాయన్న ఊహ. ‘ఇంకా వస్తాయని’ అని రాస్తే మూడోది జారిపోతుంది, కొత్తగా తయారుచేస్తారేమో అనిపిస్తుంది. ‘ఏ’కారం గమనించండి. ‘12 సర్టిఫికెట్లే’లోని ఆ దీర్ఘం ఇంగ్లిష్ ‘జస్ట్’ చేసే పనంతా చేసేసింది. ఆ పైన ‘మాత్రమే’ కూడా తగిలిస్తే రెట్టింపు. కాస్త రంగు కావాలంటే, ‘తవ్వేకొద్దీ ఇంకా బయటపడతాయని అధికారి అన్నారు’ అనండి. అదీ తవ్వుతున్నట్టయితేనే. దర్యాప్తు ఆగిపోయిన కేసులో ఎవరు తవ్వుతున్నారు?

శీర్షికకు ఇంత చోటుండదని అంటారు, నిజమే. సింగిల్ కాలమ్‌లో ‘దొరికింది కొంతే!’ పడుతుంది. రెండు కాలమ్‌లలో ‘దొరికినవి 12... దొరకనివెన్నో?’ పడుతుంది. ప్రశ్నార్థకం అక్కడ అలంకారం కాదు, మనకు తెలియదన్న ఒప్పుకోలు. ‘దొరికింది కొంతే!’ అన్నదానికి ‘మంచుకొండ కొనే!’ పట్టేంత చోటే చాలు. ఇంకా చోటు కావాలంటే ఆశ్చర్యార్థకం తీసేయండి.

నాయకుడో, న్యాయమూర్తో అన్న మాటను కొటేషన్ గుర్తుల మధ్య ఇవ్వాల్సి వస్తే పోలికను మార్చే హక్కు మనకు లేదు. అప్పుడు ‘నీటి మీద తేలుతున్న మంచుగడ్డ కొస మాత్రమే ఇది’ అని నీటిని వాక్యంలోకి తెచ్చిపెట్టండి. రెండు మాటలు ఎక్కువైనా, ఐస్‌బర్గ్ ఎన్నడూ వినని పాఠకుడికి కూడా బొమ్మ కడుతుంది.

చివరగా మీ గ్రాఫిక్స్ విభాగానికి ఒక మాట. కుంభకోణం కథనాలకు వేసే బొమ్మలో గడ్డ నిట్టనిలువుగా, పైన చిన్న మొన, కింద పొడవాటి క్యారెట్‌లా వేలాడుతుంటుంది. అలా నిలువుగా పొడుగ్గా ఉన్న గడ్డ అట్లా తేలదు, ఒరిగి అడ్డంగా పడుకుంటుంది. 2021 ఫిబ్రవరిలో ఒక హిమానీ శాస్త్రవేత్త ట్విటర్‌లో ఈ సంగతే గుర్తుచేస్తే, ఎవరు గీసిన గడ్డ ఎటు ఒరుగుతుందో చూపించే చిన్న ప్రోగ్రామ్ ఒకటి వెంటనే పుట్టుకొచ్చింది. నీటి పైనా కిందా ఒకేసారి కనిపించే ఆ పేరుమోసిన ఫొటో కూడా వేర్వేరు చిత్రాలను అతికించి తయారుచేసిందే. ఈసారి బొమ్మ వేసేటప్పుడు గడ్డను పడుకోబెట్టి, నీటిగీతను మందంగా గీయించండి.

ఇట్లు,
ఒక అనువాదకుడు